గుండెకు మోటివేషన్ కాదు, సపోర్ట్ కావాలె

మోటివేషన్ అనే మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తిండి విషయంలో అసలే లేదు.

ప్రతి ఏడాది సెప్టెంబర్ 29న వరల్డ్ హార్ట్ డే. ఆ రోజు పొద్దున్నే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు నిండా ఎర్ర గుండె బొమ్మలు పడతాయి. "ఓట్స్ తినండి", "నూనె తగ్గించండి", "రోజూ నడవండి". మా పెద్దనాయనలు, కాకలు అందరూ వరసగా దండం ఎమోజీ పెడతారు. ఆ చుట్టుపక్కల రోజుల్లోనే దసరా వస్తుంది. బొగ్గు బెల్టులో దసరా అంటే లాభాల వాటా, మటన్, గారెలు, ఇంటి నిండా చుట్టాలు. దండం ఎమోజీ పెట్టినవాళ్ళే రెండోసారి బగోనాలో గరిటె పెడతారు.

నేను ఎగతాళి చేయట్లేదు. దసరాకు మటన్ తినొద్దని గోదావరిఖనిలో చెప్పే ధైర్యం నాకు లేదు, ఆ అవసరం కూడా లేదు. గుండెకు దెబ్బ తగిలేది పండగ రోజు తినే మటన్‌తో కాదు, మిగతా మూడు వందల అరవై రోజులు ఏం ఆలోచించకుండా తినే తిండితో. ఆ తిండిని మార్చడానికి మనం వాడే ఆయుధం మాత్రం మోటివేషన్. ఒక వీడియో చూస్తాం, ఒక డైట్ చార్ట్ ఫ్రిజ్ మీద అంటిస్తాం, పది రోజులు గట్టిగా ఉంటాం. పదకొండో రోజు చార్ట్ అక్కడే ఉంటుంది, మనం మిర్చి బజ్జీల బండి దగ్గర ఉంటాం. అప్పుడు "నాకు విల్‌పవర్ లేదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం.

నా అభిప్రాయం ఏంటంటే, ఇది విల్‌పవర్ సమస్య కాదు. మా ఊరి బాయిలను చూస్తూ పెరిగిన ఎవరికైనా ఇది అర్థం కావాలి. ఎట్లనో చెప్తాను.

కంచం తాతది, పని బాపుది

మా తాత 1960లలో ఖనికి వచ్చాడు. అది తట్టా చెమ్మస్ కాలం. చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి తట్టలో పోయాలి, తట్ట మోసి టబ్బు నింపాలి. బాయి లోపల ఉక్క, చీకటి, వంగి నడవాల్సిన దారులు. షిఫ్టు అయ్యేసరికి ఒంటి మీద బట్ట పిండితే నీళ్ళు కారేవట. అట్లాంటి పనికి ఎంత తిన్నా కరిగిపోయేది. అందుకే కంచం నిండా తినేవాళ్ళు. చెమటలో ఉప్పు పోతుంది కాబట్టి తొక్కు, పచ్చిపులుసు, ఉప్పు చేప అన్నీ గట్టిగానే ఉండేవి. ఆ తిండి ఆ పనికి సరిపోయిన తిండి. తాత తప్పు తినలేదు.

మా బాపు ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్. ఇప్పుడు సింగరేణి తీసే బొగ్గులో చాలా భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తుంది. బాపు పని తేలిక అని నేను అనను. అంత పెద్ద బండిని హాల్ రోడ్డు మీద రాత్రిపూట దుమ్ములో నడపడం ఎంత టెన్షనో ఇంటికొచ్చాక ఆయన కండ్లు చూస్తే తెలుస్తుంది. కానీ ఆ ఎనిమిది గంటల్లో ఎక్కువ భాగం ఆయన కూర్చునే ఉంటాడు. అలసిపోయేది మెదడు, నడుము. కాళ్ళు చేతులు తిండిని కరిగించేంత పని చేయవు.

కంచం మాత్రం తాతదే. అదే గుట్ట అన్నం, అదే తొక్కు, అదే ఉప్పు. పని రెండు తరాల్లో మారింది, వడ్డించే చెయ్యి మారలేదు. "కష్టపడి వచ్చిండు, కడుపునిండా తిననీ" అనే మాట మా ఇంట్లో నాయనమ్మ నుంచి అమ్మకు వచ్చింది. అందులో ఉన్నది ప్రేమ. లెక్క మాత్రం తాత కాలం నాటిది.

కూర్చుని చేసే పనికీ గుండెకూ ఉన్న సంబంధం నేను కనిపెట్టింది కాదు. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ డాక్టర్, ఆయన టీమ్ కలిసి లాన్సెట్ పత్రికలో ఒక స్టడీ వేశారు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవర్, కండక్టర్ ఒకే బస్సులో, ఒకే ఊళ్ళో పనిచేస్తారు. కానీ డ్రైవర్ షిఫ్టంతా కూర్చుంటాడు, కండక్టర్ మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. డ్రైవర్లలో గుండె జబ్బు కండక్టర్ల కంటే ఎక్కువ కనిపించింది. కండక్టర్లకు వచ్చినా అది కాస్త ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు లండన్ గుర్తురాలేదు. తాత, బాపు గుర్తొచ్చారు. ఒకే కంపెనీ, ఒకే ఊరు. ఒకరు మోసి నింపారు, ఒకరు కూర్చుని నడుపుతున్నారు.

కడుపుకు కూడా షిఫ్టులున్నాయి

మా కాలనీల్లో టైము గడియారంతో నడవదు, షిఫ్టుతో నడుస్తుంది. పొద్దున ఏడింటికి ఫస్ట్ షిఫ్టు, మూడింటికి సెకండ్ షిఫ్టు, రాత్రి పదకొండింటికి నైట్ షిఫ్టు. వారం వారం మారుతుంటే ఇంటి వంట కూడా దాంతోపాటే మారుతుంది. సెకండ్ షిఫ్టు వారంలో బాపు ఇంటికొచ్చి స్నానం చేసి తినేసరికి పన్నెండు కొడుతుంది. అప్పుడు కడుపునిండా అన్నం తిని వెంటనే పడుకుంటాడు. నైట్ షిఫ్టులో నిద్ర రాకుండా మూడు నాలుగు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర, పక్కన బిస్కెట్లో బజ్జీలో.

2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 20 లక్షల మందికి పైగా ఉన్న పాత స్టడీలన్నీ కలిపి చూసిన ఒక రివ్యూ వచ్చింది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు గుండెపోటు ముప్పు మిగతావాళ్ళ కంటే 23 శాతం ఎక్కువని అందులో తేలింది. కారణం ఒక్కటే కాదు. నిద్ర చెడుతుంది, ఒంటి లోపలి గడియారం తప్పుతుంది, తిండి వేళ తప్పుతుంది. అర్ధరాత్రి మన ఒళ్ళు అన్నాన్ని పగటిలాగ వాడుకోలేదు, రక్తంలో షుగర్ ఎక్కువసేపు ఉండిపోతుంది.

డైట్ చార్టులు రాసేవాళ్ళకు ఈ షిఫ్టుల సంగతి తెలియదు. "రాత్రి ఏడు లోపు తినేయండి" అని రాసి ఉంటుంది. సెకండ్ షిఫ్టులో ఏడింటికి బాపు హాల్ రోడ్డు మీద ఉంటాడు. ఆ చార్ట్ ఆయన కోసం రాసింది కాదు. మనది కాని చార్టును పాటించలేకపోతే మనకు మోటివేషన్ లేదనడం ఎంతవరకు న్యాయం?

మోటివేషన్ ఎందుకు నిలవదు

మొదటి కారణం, గుండె మనకు రిజల్ట్ చూపించదు. బరువు తగ్గితే అద్దంలో కనిపిస్తుంది. బీపీ 150 నుంచి 130కి వస్తే ఏమీ కనిపించదు, ఏమీ అనిపించదు. నొప్పి లేని జబ్బు కోసం రోజూ రుచి వదులుకోవాలంటే మనిషి బుర్ర ఒప్పుకోదు. మా కాలనీలో బీపీ గోలీలు మధ్యలో ఆపేసేవాళ్ళు చెప్పే మాట కూడా ఇదే: "నాకేం కాలే, మంచిగనే ఉన్న". గోలీ వేసుకుంటున్నందుకే మంచిగా ఉన్నారనేది ఎవరికీ తట్టదు.

రెండో కారణం, ఎవరూ ఒంటరిగా తినరు. అమ్మ ఒక్క కుండలో వండుతుంది, ఐదుగురు తింటారు. బాపు కోసం ఉప్పు తగ్గిస్తే తమ్ముడు మూతి ముడుస్తాడు. చుట్టాల ఇంటికి పోయి "నాకు కొంచెం చాలు" అంటే "మా ఇంటి తిండి నచ్చలేదా?" అంటారు. మగవాళ్ళ మధ్య ఇంకో బాధ ఉంది. బాయి మీద డబ్బా విప్పినప్పుడు ఒకరి డబ్బాలో రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర కనిపిస్తే పక్కవాళ్ళు నవ్వుతారట: "ఏందన్నా, దవాఖాన తిండి తెచ్చుకున్నవు?" ఒక్క డైలాగుతో పది రోజుల మోటివేషన్ పోతుంది.

మూడో కారణం, మనకు చెప్పే తిండి మనది కాదు. ఓట్స్, కినోవా, అవకాడో, ఆలివ్ ఆయిల్. రీల్స్ చూస్తే గుండె కాపాడుకోవడం జూబ్లీహిల్స్ వాళ్ళ హాబీ అనిపిస్తుంది. "గవన్నీ మనకు దొరకయి, మనకు కావు" అని బాపు అంటే నేను ఆయన్ని తప్పుపట్టలేను.

ఈ మూడింటినీ రోజూ ఒక్క మనిషి తన పట్టుదలతో గెలవాలి అంటున్నాం. వారం వారం షిఫ్టు మారే మనిషి, ఐదు గంటలు నిద్రపోయే మనిషి గెలవాలి అంటున్నాం.

బీడీ సంగతి చూడండి

ఇక మా ఊరి బాయి నేర్పే పాఠం. అండర్‌గ్రౌండ్ గనిలో మీథేన్ ఉంటుంది కాబట్టి బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె లోపలికి తీసుకుపోవడం నేరం. దిగే ముందు తనిఖీ ఉంటుంది. పైన గంటకో బీడీ తాగే మనిషి కూడా దిగాక ఎనిమిది గంటలు బీడీ లేకుండా ఉంటాడు. రోజూ ఉంటాడు. ముప్పై ఏండ్లు ఉంటాడు. ఆయన్ని ఎవరూ మోటివేట్ చేయలేదు. గేటు దగ్గర బీడీ ఆగిపోతుంది, అంతే. (కొందరు దాని బదులు లోపల పొగాకు నములుతారు, ఆ సంగతి నిజమే. అది నమలడానికి గేటు లేదు కాబట్టే.)

రూఫ్ సంగతీ అంతే. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా సపోర్ట్ పెడతారు. మైనింగ్ సర్దార్ ముందు పోయి కప్పును తట్టి, చప్పుడు విని చూస్తాడు. సపోర్ట్ లేని చోటికి ఎవరినీ పోనివ్వరు. "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు, కప్పు కూలదు" అని ఏ సర్దార్ కూడా చెప్పడు. ముందు సపోర్ట్, తర్వాతే మనిషి.

కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్ళకు నేను దీన్ని ఇంకో మాటలో చెప్తాను: డిఫాల్ట్. మనం ఫోన్ కొన్నప్పుడు సెట్టింగ్స్ ఎట్ల వస్తాయో, చాలామంది చివరిదాక అట్లనే వాడతారు. యూజర్‌ను మార్చడం కష్టం, డిఫాల్ట్‌ను మార్చడం సులువు. తిండి కూడా అంతే. రోజూ ఏం తినాలో మనం నిర్ణయించుకుంటున్నాం అనుకుంటాం గానీ, ఇంట్లో ఏ డబ్బా చేతికి అందేట్టు ఉంది, క్యాంటీన్లో ఏది వేడిగా ఉంది, రేషన్ సంచిలో ఏం వచ్చింది అనేవే ఎక్కువసార్లు నిర్ణయిస్తాయి.

రేషన్ సంచి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలుపెట్టింది. ఎన్నో ఇండ్లలో ఆకలి తీరింది, దాన్ని నేను తక్కువ చేయను. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ షాపుల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అది కూడా మంచిదే. కానీ గట్క, అంబలి, జొన్నరొట్టె తిన్న ఇండ్లలో మూడు పూటలా తెల్లన్నం డిఫాల్ట్ అయింది ఎవరి మోటివేషన్ వల్లా కాదు. సంచి మారింది, కంచం మారింది. అదే దారిలో కంచాన్ని కొంచెం వెనక్కి తేవచ్చు కదా అనేది నా ప్రశ్న.

చెట్లు కొట్టేవాళ్ళ ఊర్లలో ఏం జరిగింది

దీన్ని ఒక ప్రాంతం నిజంగానే చేసి చూపించింది. ఫిన్లాండ్ తూర్పు అంచున నార్త్ కరేలియా అని ఒక జిల్లా లాంటిది ఉంది. అడవిలో చెట్లు కొట్టేవాళ్ళు, చిన్న పాడి రైతులు ఉండే చలి ప్రాంతం. 1970ల మొదట్లో అక్కడి మగవాళ్ళలో గుండె జబ్బు చావులు ప్రపంచంలోనే అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోట్లలో ఒకటి. బ్రెడ్డు మీద మందంగా వెన్న, కొవ్వు మాంసం, ఉప్పు, సిగరెట్లు. కూరగాయలంటే "అది పశువుల మేత" అనేవాళ్ళట. మా దగ్గర "గడ్డి తినుమంటవా?" అన్నట్టే.

1972లో అక్కడ ఒక ప్రాజెక్ట్ మొదలైంది. నడిపించిన డాక్టర్ పేరు పెక్కా పుస్కా. అప్పటికి ఆయనకు దాదాపు 27 ఏండ్లు, అంటే మన సీనియర్ల కంటే నాలుగైదేండ్లు పెద్ద. మొదట్లో కరపత్రాలు పంచారు, మీటింగులు పెట్టారు. కానీ అసలు మార్పు వచ్చింది ఊరిని మార్చినప్పుడు. మార్తా అనే గృహిణుల సంఘంతో కలిసి ఊరూరా సాయంత్రం వంటల కార్యక్రమాలు పెట్టారు. వాళ్ళ పాత కూరనే తక్కువ ఉప్పుతో, ఎక్కువ కూరగాయలతో వండి, అందరూ కూర్చుని తిని చూశారు. సాసేజ్ తయారుచేసేవాళ్ళతో మాట్లాడి కొవ్వు తగ్గించి పుట్టగొడుగులు కలిపించారు. వెన్న మీద బతికే పాడి రైతులు నష్టపోకుండా బెర్రీ పండ్ల సాగుకు సాయం చేశారు. తర్వాత్తర్వాత ఏ ఊరి కొలెస్ట్రాల్ ఎక్కువ తగ్గుతుందో చూద్దామని ఊర్ల మధ్య పోటీలు కూడా పెట్టారు. దాదాపు నలభై ఏండ్లలో అక్కడి పనిచేసే వయసు మగవాళ్ళలో గుండె జబ్బు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి. మందులు, ఆసుపత్రులు కూడా మెరుగయ్యాయి, నిజమే. కానీ తగ్గుదలలో పెద్ద భాగం కొలెస్ట్రాల్, బీపీ, సిగరెట్లు తగ్గడం వల్లే వచ్చింది.

నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, అక్కడ ఒక్క మనిషిని పట్టుకుని "నువ్వు మారు" అనలేదు. కుండ, దుకాణం, పొలం మార్చారు. మనిషి దాని వెంట వచ్చాడు.

మన దగ్గర ఏ డిఫాల్టులు మార్చొచ్చు

మొదట ఇల్లు. ఇక్కడ హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్ లెక్కలు పనికొస్తాయి. 2024లో వాళ్ళు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక రోజు కంచం నమూనా ఉంది. రోజుకు 2000 కేలరీలు సరిపోయే మనిషికి బియ్యం, జొన్న, గోధుమ అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఇంకోసారి చూడండి: బియ్యం కంటే కూరగాయలు ఎక్కువ. మన కంచంలో కూర అన్నానికి నంజుడు, వాళ్ళ కంచంలో అన్నం కూరకు తోడు.

ఈ గ్రాములు రోజూ ఎవరు తూకం వేస్తారు? ఎవరూ వేయరు. అందుకే లెక్కను నెల సామానుకు మార్చాలి. మనిషికి 27 గ్రాములంటే నలుగురికి నెలకు సుమారు మూడున్నర లీటర్ల నూనె. ఉప్పు మనిషికి రోజుకు ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ యాభై రోజులు రావాలి, అది కూడా తొక్కులో, అప్పడాల్లో, బయటి చిరుతిండిలో ఉన్న ఉప్పు కలుపుకుని. నేను మా ఇంట్లో ప్యాకెట్ మీద తారీఖు రాసిపెట్టాను. ఇరవై ఆరు రోజులకు అయిపోయింది. అమ్మకు నేను ఏ లెక్చర్ ఇవ్వలేదు, తారీఖు చూపించాను అంతే. "గింతనా?" అంది. తర్వాతి ప్యాకెట్ ముప్పై ఏడు రోజులు వచ్చింది. తొక్కు జాడీ కంచాల దగ్గర నుంచి పై అల్మారాలోకి పోయింది. అడిగితే ఇస్తుంది, అడగకపోతే రాదు. బాపు సగం రోజులు అడగడం మర్చిపోతాడు. డిఫాల్ట్ అంటే ఇదే.

తిండి మనదే ఉండాలి. మనకు అవకాడో అక్కర్లేదు. గంగవాయిలి కూర, తోటకూర, పెసర్లు, బొబ్బర్లు, ఉలవచారు, గోదావరి చేపలు, జొన్నరొట్టె. సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టి రొట్టెలు కొట్టి అమ్మే అక్కలు ఉన్నారు, రొట్టె చేయడం రాదనే సాకు కూడా లేదు. సెకండ్ షిఫ్టు వారంలో అసలు భోజనం మధ్యాహ్నం డ్యూటీకి పోయే ముందు తిని, డబ్బాలో రొట్టె కూర పెట్టుకుని, అర్ధరాత్రి ఇంటికొచ్చాక మజ్జిగ, కొంచెం ఏదైనా తినడం మా ఇంట్లో నడుస్తోంది. అన్ని రోజులూ నడవదు. వారంలో నాలుగు రోజులు నడిచినా నాలుగు రోజులే కదా లాభం.

రెండోది క్యాంటీన్. చట్టం ప్రకారం ఎక్కువ మంది పనిచేసే గనిలో క్యాంటీన్ ఉండాలి. ఒకసారి ఆలోచించండి, వేల మంది రోజూ తినే చోటు అది. అక్కడ పూరీ, బజ్జీ తీసేయమని నేను అనను, తీసేస్తే పెద్ద లొల్లి అవుతుంది. కానీ ఉడికించిన పెసర్లు, గుడ్డు, మజ్జిగ, జొన్నరొట్టె ముందు వరసలో, తక్కువ ధరకు ఉంటే? చక్కెర వేయని చాయ్ అడక్కుండా వచ్చి, చక్కెర పక్కన పెడితే? యూనియన్లు జీతాలు, ఇన్‌కమ్ ట్యాక్స్, సొంతింటి గురించి కొట్లాడుతాయి, కొట్లాడాలి. తిండి మెనూ కూడా డిమాండ్ల లిస్టులో చేరాలని నా కోరిక.

మూడోది కాలనీ. సింగరేణి సేవా సమితి మహిళలకు కుట్టు, అల్లికలు లాంటివి నేర్పిస్తుంది. మార్తా సంఘం చేసిన పని ఇక్కడ చేయడానికి మనుషులు, జాగా రెండూ ఉన్నాయి. తక్కువ ఉప్పు సర్వపిండి పోటీ పెడితే మా అమ్మ ముందు పోయి పేరిస్తుంది. ఆర్జీ-1 కాలనీలకు, యైటింక్లయిన్ కాలనీకి మధ్య క్రికెట్ పోటీలు పెట్టినట్టే బీపీ తగ్గించే పోటీ పెడితే ఎట్లుంటది?

నాలుగోది చెకప్. గనుల్లో పనిచేసేవాళ్ళకు నిర్ణీత కాలానికోసారి మెడికల్ పరీక్ష చట్టం ప్రకారం జరగాలి. బాపుకు బీపీ ఉందని తెలిసింది అట్లాంటి పరీక్షలోనే. కానీ బీపీ ఆ పరీక్ష వచ్చేదాక ఆగదు. నెలకోసారి చూసుకోవడం, గోలీలు డాక్టర్ చెప్పకుండా ఆపకపోవడం తిండి కంటే ముందు ఉండాల్సిన పని. తిండి గోలీకి తోడు, దాని బదులు కాదు. ఛాతీలో బరువుగా ఉండి, చెమటలు పట్టి, చెయ్యో దవడో గుంజితే "గ్యాస్" అని సోడా తాగి పడుకోవద్దు. 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించుకోవాలి. ఇది నేను మోటివేషన్ కోసం రాయట్లేదు, గుర్తుంచుకోవాలని రాస్తున్నాను.

అన్‌ఫిట్ అనే మాట

చివరిగా ఒక విషయం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. బొగ్గు బెల్టు బయట పెరిగిన ఫ్రెండ్స్‌కు ఇది తెలియకపోవచ్చు.

బొగ్గు గనుల్లో కార్మికుడు చనిపోయినా, జబ్బుతో పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చినా, ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చే ఏర్పాటు ఉంది. ఇది కార్మికులు కొట్లాడి సంపాదించుకున్న హక్కు. ఎన్నో ఇండ్లు దీనివల్ల నిలబడ్డాయి. నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ ఆ ఏర్పాటు మా ఇండ్లలో ఒక వింత జోక్‌ను పుట్టించింది. నేను రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే బాపు నవ్వుతూ అంటాడు: "ఎందుకురా గీ కోడింగు గీడింగు? నా గుండె జర ఖరాబైతే అన్‌ఫిట్ అయిత, నీకు నౌకరొస్తది."

అందరూ నవ్వుతారు. అమ్మ నవ్వదు.

ఆ జోక్‌లో నిజం ఎంత ఉందో నాకు తెలుసు. బయట ఉద్యోగాల పరిస్థితి చూస్తున్న తండ్రికి, తన ఆరోగ్యం కంటే తన అనారోగ్యమే కొడుక్కు ఎక్కువ పనికొస్తుందేమో అనిపించడం ఎంత బాధైన సంగతి! అట్లాంటి మనిషి ముందు "డాడ్, హెల్తీగా తిను" అని ఫార్వర్డ్ పంపితే ఏం పని చేస్తుంది? తండ్రి గుండె బాగుండడం తనకు కావాలని పిల్లలు నోరు తెరిచి చెప్పడమే మా బెల్టులో మొదటి సపోర్ట్. నేను చెప్పాను. "బాపూ, నీ నౌకరీ నాకొద్దు. నువ్వు నౌకరీ పూర్తి చెయ్యి" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, టీవీ సౌండ్ పెంచాడు. తర్వాతి నెల బీపీ గోలీలు అయిపోకముందే తనే తెచ్చుకున్నాడు.

2019లో ప్రపంచంలో గుండె, రక్తనాళాల జబ్బులతో కోటీ 79 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మొత్తం చావుల్లో 32 శాతం. గనిలో కప్పు కూలి ఒకరు చనిపోతే ఎంక్వైరీ జరుగుతుంది, ఎందుకు కూలింది, సపోర్ట్ ఉందా లేదా అని అడుగుతారు. అడగాలి కూడా. క్వార్టర్‌లో యాభై రెండేండ్ల మనిషి పొద్దున లేవకపోతే "దేవుడు తీసుకపోయిండు" అంటాం. అక్కడ కూడా అదే ప్రశ్న అడగాలని నేను అంటున్నాను: సపోర్ట్ ఉందా, లేదా?

మనలో చాలామందిమి హాస్టల్లో ఉంటున్నాం. ఈ వీకెండ్ ఇంటికి పోతే ఫార్వర్డ్ పంపే బదులు రెండు పనులు చేయండి. ఉప్పు ప్యాకెట్ మీద తారీఖు రాయండి. అమ్మానాన్నల బీపీ చూపించండి. డైట్ చార్ట్ అక్కర్లేదు.

సింగరేణిలో రిటైర్మెంట్ వయసు ఇప్పుడు 61. మా దగ్గర రిటైర్ కావడాన్ని "దిగిపోవడం" అంటారు. ఆ రోజు దండలు వేసి, ఫొటోలు దిగి ఇంటిదాక తోలుకొస్తారు. బాపుకు ఇంకా తొమ్మిదేండ్లు ఉంది. ఆ రోజు ఆయన డంపర్ మెట్లు తనంతట తానే దిగి రావాలి. నాకు కావాల్సింది అంతే.